పదవి పోదు, ఆఫీసులు మూతపడతాయి

జూనియర్ కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాక న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అమ్మాయి దగ్గరుంటున్నాను. ఆదివారాలు చుట్టుపక్కల పెద్దవాళ్లు నలుగురైదుగురు సిటిజన్‌షిప్ పరీక్ష ప్రశ్నలు పట్టుకుని మా ఇంటికొస్తారు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు 128 ప్రశ్నల జాబితా. ఆఫీసరు అడిగే 20లో 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు పెట్టినవాళ్లకు పాత జాబితాలోని వందలోంచి పది, ఆరు చెబితే చాలు. యాభై అయిదేళ్లు నిండి, గ్రీన్‌కార్డు మీద పదిహేనేళ్లు ఇక్కడున్నవాళ్లయితే ఇంటర్‌ప్రెటర్‌ను తీసుకెళ్లి తెలుగులోనే జవాబివ్వచ్చు.

బట్టీ పట్టడం మనవాళ్లకు కొత్తేం కాదు. సెనేటర్లు వంద, ప్రతినిధుల సభలో ఓటున్నవాళ్లు 435, సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది అని గడగడా చెప్పేస్తారు. పేచీ అంతా ‘ఎందుకు’ అన్నచోటే. ఖర్చుల బిల్లు ఆగి ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డ షట్‌డౌన్ రోజుల్లో, వాళ్లలో ఒకరైన తణుకు అక్కయ్యగారు నిలదీశారు: “రెండు సభల్లోనూ ట్రంప్ పార్టీదేగా మెజారిటీ! ఖర్చుల బిల్లు ఎందుకాగింది మాస్టారూ? ఆగితే ఆయన దిగిపోవాలి కదా?”

ఆవిడ అసలు బెంగ తన ఇంటర్వ్యూ వాయిదా పడుతుందేమోనని. పడలేదు. ఇమిగ్రేషన్ శాఖ చాలామటుకు మనం కట్టే ఫీజులతోనే నడుస్తుంది. కానీ ప్రశ్న చక్కటిది. మన లెక్క ప్రకారం దిగిపోవాల్సిందే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటు తేడాతో విశ్వాస పరీక్షలో పడిపోవడం మనం టీవీలో చూసినవాళ్లమే.

ఇక్కడ అధ్యక్షుడి ఎన్నిక వేరు, కాంగ్రెస్ ఎన్నిక వేరు. మంత్రులు సభ్యులుగా కొనసాగడానికి వీల్లేదు. మార్కో రూబియో సెనేట్ సీటు వదులుకున్నాకే విదేశాంగ మంత్రి అయ్యాడు. అందుకని బిల్లు ఓడినా అధ్యక్షుడి కుర్చీ కదలదు. అభిశంసన ఉంది కానీ, దోషి అని తేల్చడానికి సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఆ దారిన పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు ఇంతవరకూ లేడు.

మరి బిల్లు ఎక్కడాగింది? సెనేట్‌లో. అక్కడ చాలా బిల్లులకు ‘ఇక చర్చ చాలించి ఓటింగ్‌కు పోదాం’ అనడానికే 60 ఓట్లు కావాలి. ఆ అరవై రానివ్వకుండా అడ్డుకోవడమే ఫిలిబస్టర్. 1957లో పౌరహక్కుల బిల్లును ఆపాలని స్ట్రామ్ థర్మండ్ అనే సెనేటర్ 24 గంటల 18 నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాడు. బిల్లు ఆగలేదనుకోండి. ఇప్పుడు గొంతు చించుకోనక్కర్లేదు, అరవై రావని తేలితే బిల్లు అక్కడే కూలబడుతుంది. విచిత్రమేమంటే ఇది రాజ్యాంగంలో లేదు. సెనేట్ తనకు తాను పెట్టుకున్న నిబంధన. అరవై అన్న అంకె 1975లో వచ్చింది.

అప్పుడు ట్రంప్ పార్టీ రిపబ్లికన్లకున్నది 53. 2025 అక్టోబర్ 1న ఖజానా అనుమతులు ఆగిపోయాయి. విమానాల రాకపోకలు నియంత్రించే ఉద్యోగులు జీతాల్లేకుండా పనిచేశారు. చివరికి సొంతవాళ్లలో ఒకరు కాదన్నా, అవతలి పక్షం నుంచి ఎనిమిదిమంది కలిశాక 60–40తో బిల్లు గట్టెక్కింది. మొత్తం 43 రోజులు. మన దేశంలో డబ్బు బిల్లు లోక్‌సభలో ఓడితే ప్రభుత్వం పోతుంది. ఇక్కడ ప్రభుత్వం భద్రంగా ఉంటుంది, కష్టమంతా ఉద్యోగులది. మన పద్ధతే నయమని నాకనిపిస్తుంది, అమ్మాయి ఒప్పుకోదు.

స్పీకర్ విషయంలోనూ ఇదే తికమక. వాజ్‌పేయి ఓడిన రోజు స్పీకర్ స్థానంలో ఉన్నది మన అమలాపురం ఎంపీ బాలయోగి. సభాపతి అంటే పార్టీకి ఎడంగా ఉండాలని మన అలవాటు. ఇక్కడి స్పీకర్ మెజారిటీ పార్టీ నాయకుడే, ఏ బిల్లు సభ ముందుకు రావాలో తేల్చేదీ చాలావరకు ఆయనే. 2023 జనవరిలో కెవిన్ మెకార్తీ ఆ పదవికి ఎన్నికవడానికి పదిహేను విడతల ఓటింగ్ పట్టింది. అక్టోబర్‌లో సొంత పార్టీవాళ్లే కొందరు అవతలి పక్షంతో కలిసి దింపేశారు.

అక్కయ్యగారు పాసయ్యారు. అయినా ప్రశ్నలు మానలేదు. ఆరు లక్షల జనం కూడా లేని వ్యోమింగ్‌కు ఇద్దరు సెనేటర్లు, దాదాపు నాలుగు కోట్లున్న కాలిఫోర్నియాకూ ఇద్దరేనా, సవరణ తెచ్చి మార్చేయొచ్చుగా అంటారు. రాజ్యాంగం అయిదో అధికరణం చూపించాను: సెనేట్‌లో ఏ రాష్ట్రపు సమాన వాటానైనా తగ్గించాలంటే ఆ రాష్ట్రమే ఒప్పుకోవాలి. “అయితే వ్యోమింగ్ వాళ్లనే అడగాలన్నమాట,” అన్నారావిడ.