కెమెరా మనది, కన్ను ఎవలది?

మా చెల్లె ఇంటి ముంగట వైఫై కెమెరా పెట్టిచ్చుకుంది. పైసలు ఆమెవే, గోడ ఆమెదే. కని బిగించిన పిలగాడు తన నంబరుతోనే అకౌంటు తెరిచి, చెల్లె ఫోనుకు ఉత్త 'షేర్' ఇచ్చిండు. ఆర్నెల్లకు నేను చూసేదాక ఆమెకు ఎరుకలేదు. వాకిట్ల ఆడోళ్లు కూసున్నా, ఇంటికి తాళమేసినా ఆ పిలగాని ఫోన్ల కనవడుతది. వాని మీద నాకు అనుమానం లేదు. అయినా మనింటి తాళంచెవి మంది చేతుల ఎందుకుండాలె?

తమ్ములూ, చెల్లెండ్లూ, ఇసొంటి కెమెరాకు ఎవల అకౌంటు ఉంటే వాళ్లే ఓనరు. షేర్ అంటే ఓనరు హక్కు కాదు. రీసెట్ బటన్ వత్తితే వైఫై వివరాలు పోతయి గని, చాలా కెమెరాలకు పాత అకౌంటు కంపెనీ సర్వర్ల అట్లనే ఉంటది. అందుకే మొదలు పాత మనిషి తన యాప్‌ల నుంచి కెమెరాను తీసెయ్యాలె. ఆ తర్వాత రీసెట్ చేసి, మన నంబరుతోని కొత్తగ జోడించుకోవాలె. వైఫై పాస్‌వర్డ్ గూడ మార్చాలె. మేము ఆ పిలగాన్ని పిలిచి, అరుగు మీద కూసోవెట్టి గిదే చేపిచ్చినం.

పాత కెమెరా అమ్మేటోళ్లు మెమరీ కార్డు తీసి పెట్టుకోండ్రి, మీ వీడియోలు అండ్లనే ఉంటయి. కొనేటోళ్లు అకౌంటు మారినంకనే పైసలియ్యుండ్రి.