పేర్లు నాలుగు.. పిలుపు ఒక్కటే!

వాతావరణం కోసం బడి మానేసి స్వీడన్ పార్లమెంటు ముందు కూర్చున్న గ్రెటా థన్‌బర్గ్ గుర్తుందిగా? ఆమె పూర్తి పేరు గ్రెటా టిన్‌టిన్ ఎలియనోరా ఎర్న్‌మన్ థన్‌బర్గ్. నిజమే, మధ్యలో టిన్‌టిన్ ఉంది! ఎర్న్‌మన్ అనేది వాళ్లమ్మ ఇంటిపేరు.

స్వీడన్‌లో పిల్లలకి రెండు మూడు పేర్లు పెట్టడం మామూలే. రోజూ పిలిచేది మాత్రం ఒక్కటే. అది మొదటిదే కానక్కర్లేదు. ప్రధానిగా పనిచేసిన ఊలోఫ్ పాల్మే అసలు పేరు స్వెన్ ఊలోఫ్ యోకిమ్ పాల్మే. సినీ దర్శకుడు ఇంగ్మార్ బెర్గ్‌మన్ మొదటి పేరు ఎర్న్‌స్ట్. అంటే ఇద్దరినీ లోకం పిలిచింది రెండో పేరుతోనే.

మధ్యలో పెద్దవాళ్లు

మరి మిగతా పేర్లెందుకు? చాలా ఇళ్లల్లో అవి నానమ్మ, అమ్మమ్మ, తాతల కోసం. 2012లో పుట్టిన యువరాణి పేరు ఎస్తెల్ సిల్వియా ఏవా మేరీ. సిల్వియా అమ్మమ్మ, ఏవా నానమ్మ. రాజకుటుంబమైనా పద్ధతి అదే.

పిలుపు పేరు పొట్టిగా, రెండోది కాస్త పొడుగ్గా ఉంటే చెవికి బాగుంటుంది. ఆల్మా క్రిస్టీనా, హ్యూగో అలెగ్జాండర్ అని చదివి చూడండి, మీకే తెలుస్తుంది. ముత్తవ్వల కాలం నాటి ఆల్మా, వేరా, ఆస్ట్రిడ్ లాంటి పేర్లు ఇప్పుడు మళ్లీ ఫ్యాషన్.

ఏది పడితే అది కుదరదు

బిడ్డ పుట్టిన మూడు నెలల్లోపు పేరు చెప్పాలి. ఎవరికో తెలుసా? పన్నుల శాఖకి! రేపు ఆ పేరు బిడ్డకే ఇబ్బంది అవుతుందనిపిస్తే ఒప్పుకోరు. ఐదేళ్లొచ్చినా కొడుక్కి పేరు నమోదు చేయించలేదని ఓ జంటకి జరిమానా పడింది. ఒళ్లుమండి 1996లో 43 అక్షరాలూ అంకెలూ కలిపి ఓ పేరు రాసిచ్చారు. దాన్ని ‘ఆల్బిన్’ అని పలకాలట! అధికారులు కుదరదన్నారు.

మనవాళ్ల సంగతి?

ఉద్యోగాలకెళ్లి అక్కడ స్థిరపడ్డ తెలుగు జంటలకి ఇంకో చిక్కుంది. స్వీడిష్‌లో ‘జె’ అక్షరాన్ని ‘య’ అని పలుకుతారు. జయ కాస్తా ‘యాయ’ అయిపోవచ్చు! ‘ఐ’ ముందున్న ‘జి’ కూడా చాలా మాటల్లో ‘య’నే. కాబట్టి గీతకీ గండమే. పేరు ఖాయం చేసేముందు ఓ స్వీడిష్ స్నేహితుడితో చదివించుకోవడం మంచిది.

కానీ రెండో పేరు సంగతి మనకి కొత్తేం కాదు. మామగారి పేరు పెట్టిన పిల్లాణ్ని ఆ పేరుతో తిట్టలేక, మన కోడళ్లు ‘బుజ్జి’ అనో ‘చిన్నా’ అనో పిలిచేవారు కదా! అక్కడ ఆ రెండు పేర్లకీ కాగితం మీదే చోటుంది.

అందుకే తాతగారి పేరు పాతదైపోయిందని గొడవ పడక్కర్లేదు. పాపకి ‘మాయ సత్యవతి’ అని పెట్టారనుకోండి. మాయ అక్కడి వాళ్లకీ బాగా తెలిసిన పేరే. బళ్లో టీచర్ మాయ అంటుంది. వీడియో కాల్‌లో నానమ్మ మాత్రం తన పేరున్న మనవరాల్ని చూసుకుని మురిసిపోతుంది.