అరోకోత్ నీడ కోసం కాపు

సూర్యుడికి సుమారు 650 కోట్ల కిలోమీటర్ల దూరంలో, నెప్ట్యూన్‌కు ఆవల తిరిగే చిన్న మంచు శకలం అరోకోత్. హబుల్ టెలిస్కోపుకు కూడా అది మసక చుక్కే. దాని ఆకారం భూమి మీది నుంచి తెలియాలంటే, అది ఏదైనా నక్షత్రానికి అడ్డొచ్చే క్షణం కోసం కాచుకోవాలి. అప్పుడు నక్షత్ర కాంతిలో దాని నీడ భూమి మీద పడుతుంది. నక్షత్రం ఎంతో దూరాన ఉంటుంది కనుక నీడ వెడల్పు దాదాపు శకలం వెడల్పంతే ఉంటుంది.

2017 జూన్ 3న దక్షిణాఫ్రికా, అర్జెంటీనాల్లో చేసిన ప్రయత్నంలో ఆ నీడ చిక్కలేదు. జులై 17న అర్జెంటీనాలోని కొమొడోరో రివడావియా పరిసరాల్లో న్యూ హొరైజన్స్ వ్యోమనౌక బృందం 24 టెలిస్కోపులను నీడ దారికి అడ్డంగా నిలిపింది. ఆ ఊరున్న పటగోనియా ప్రాంతంలో అది చలికాలం, పైగా విపరీతమైన గాలి. టెలిస్కోపులు కదలకుండా స్థానికులు లారీలు అడ్డుపెట్టారు. వాహనాల వెలుగు పడకుండా హైవే మూసేశారు, వీధి దీపాలు ఆర్పేశారు. ఆ సహకారం లేకుంటే అంత శ్రమా వృథా అయ్యేది.

అయిదు టెలిస్కోపుల్లో నక్షత్రం సెకను అటూ ఇటూ మాయమై మళ్లీ వెలిగింది. మాయమైన సమయాన్ని నీడ వేగంతో గుణిస్తే శకలాన్ని అడ్డంగా దాటే ఒక గీత పొడవు వస్తుంది. అలాంటి అయిదు గీతలను పక్కపక్కన పేర్చి చూస్తే, రెండు ముద్దలు అతుక్కున్నట్టుండే రూపం తేలింది. 2019 జనవరి 1న న్యూ హొరైజన్స్ వ్యోమనౌక 3,500 కిలోమీటర్ల దూరం నుంచి దాటిపోతూ తీసిన ఫొటోల్లో అదే ఆకారం, సుమారు 36 కిలోమీటర్ల పొడవున కనిపించింది.