ఎండకో స్కేలు, జరానికో స్కేలు

కరీంనగర్ జిల్లా చొప్పదండిలో పిల్లకు జరమొస్తే "నూటొకటి ఉంది" అంటారు. అదే ఇంట్లో అదే మనిషి బయటికి చూసి "ఇయ్యాల ఎండ నలభై నాలుగు దాటింది" అంటాడు. జరం ఫారన్‌హీట్‌లో, ఎండ సెల్సియస్‌లో. ఏది ఏ లెక్కో ఎవరూ అడగరు, ఎవరూ తడబడరు. ఈ రెండు లెక్కలూ కలిసే చోట ప్రాణం మీదికొస్తుంది. ఒంట్లో వేడి 104 ఫారన్‌హీట్‌కు, అంటే 40 సెల్సియస్‌కు చేరి, మనిషి మాట తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాల్సిన ఘడియ.

ఫారన్‌హీట్ 1724లో తన స్కేలు ప్రకటించినప్పుడు మంచు, నీళ్ళు, ఒక రకం ఉప్పు కలిపిన మిశ్రమానికి సున్నా పెట్టాడు, ఒంటి వేడికి 96 పెట్టాడు. తర్వాత స్కేలును సరిదిద్దాక అది పైకి జరిగింది. మనమంతా బట్టీపట్టిన 98.6 జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ 1868లో ఇచ్చిన సగటు. ఇటీవలి అధ్యయనాల్లో సగటు అంతకన్నా కాస్త తక్కువే తేలుతోంది. సెల్సియస్ సంగతి ఇంకా వింత. 1742లో ఆయన మరిగే నీళ్ళకు సున్నా, గడ్డకట్టే నీళ్ళకు వంద పెట్టాడు. ఆయన పోయాక దాన్ని తిరగేశారు. లేకపోతే మన 45 డిగ్రీల ఎండను 55 అని చదువుకునేవాళ్ళం, ఎండ ముదిరేకొద్దీ అంకె తగ్గేది! కెల్విన్ స్కేలు ప్రయోగశాలలది. మైనస్ 273.15 సెల్సియస్ దగ్గర దాని సున్నా. నీళ్ళతో, మంచుతో పని లేకుండా 2019 మే 20 నుంచి దాన్ని బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకంతోనే నిర్వచిస్తున్నారు.

ఎవరి అంకె నమ్మాలి?

స్కేళ్ళ తేడా చిన్న లెక్కతో తీరిపోతుంది. కొలిచే చోటులోనే అసలు పేచీ. మే మధ్యాహ్నం కరీంనగర్ రోడ్డు మీద కారు డాష్‌బోర్డు ఒక అంకె చూపిస్తుంది, ఫోన్ ఇంకోటి, రాత్రి టీవీ మరోటి. కారు సెన్సర్ సాధారణంగా ముందు బంపర్ దగ్గర ఉంటుంది, తారు రోడ్డు సెగా ఇంజిన్ సెగా దానికి తగులుతాయి. ఫోన్ బయటి గాలిని కొలవనే కొలవదు. ఎక్కడో లెక్కగట్టిన అంచనాను తెచ్చి చూపిస్తుంది.

వాతావరణ శాఖ లెక్క వేరు. ఎండను ఎండలో కొలవరు. గాలి ఆడే నీడలో, నేలకు మనిషి ఛాతీ ఎత్తున, సందుల చెక్కలతో చేసిన తెల్ల పెట్టెలో కొలుస్తారు. దాని పేరు స్టీవెన్సన్ స్క్రీన్. ఉత్తర తెలంగాణలో వాతావరణ శాఖ కేంద్రాలు రామగుండం, ఆదిలాబాద్, నిజామాబాద్ లాంటి కొన్నిచోట్లే ఉన్నాయి. పేపర్లో మండలాల వారీగా వచ్చే అంకెలు రాష్ట్ర అభివృద్ధి ప్రణాళిక సొసైటీ, అంటే టీజీడీపీఎస్ నడిపే ఆటోమేటిక్ కేంద్రాలవి. రాష్ట్రంలో అవి వెయ్యికి పైనే. ఇలాంటి కేంద్రాల్లో సెన్సర్‌ను బోర్లించిన పళ్ళేలు దొంతరగా పేర్చినట్టుండే తెల్ల గొడుగు కింద పెడతారు. లోపల పాదరసం ఉండదు. చాలా చోట్ల సన్నని ప్లాటినం తీగ ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని విద్యుత్ నిరోధం 100 ఓమ్‌లు, వంద డిగ్రీల దగ్గర 138.5. నిరోధం చూసి వేడి చెప్పేస్తుంది.

అది కూడా తప్పుతుంది. 2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేశ్‌పూర్‌లోని ఆటోమేటిక్ కేంద్రం 52.9 చూపించింది. దేశమంతా గగ్గోలు. తర్వాత వాతావరణ శాఖ ప్రామాణిక పరికరం పక్కన పెట్టి చూస్తే సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. రికార్డు బద్దలైందని మనవాళ్ళు వాట్సాప్‌లో తిప్పిన అంకె అది. దేశపు రికార్డు ఇప్పటికీ 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో నమోదైన 51 డిగ్రీలే.

చోటును బట్టి పరికరమూ మారుతుంది. రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో ప్లాటినం తీగకు బదులు రెండు వేర్వేరు లోహాల తీగలు కలిపిన థర్మోకపుల్ వాడతారు. అక్కడి 500 మెగావాట్ల యూనిట్లలో టర్బైన్‌కు వెళ్ళే ఆవిరి 540 డిగ్రీల దాకా ఉంటుంది. ఆస్పత్రి ఫ్రిజ్‌లో టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, అక్కడ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రీడింగ్ రాస్తారు. కరోనా కాలంలో నుదుటికి గురిపెట్టిన తుపాకీలాంటి థర్మామీటర్ మాత్రం చర్మం వెదజల్లే పరారుణ కిరణాలనే చదువుతుంది. ఎండలో నడిచొచ్చిన మనిషి దానికి జరం మనిషిలా కనబడొచ్చు.

గనిలో ఉన్న లెక్క కల్లంలో లేదు

ఇన్ని కొలతల్లో కూలీకి పనికొచ్చేది వేరే ఉంది. గాలి చర్మం కన్నా వేడెక్కాక ఒంటిని చల్లబరిచేది చెమట ఒక్కటే. చెమట ఆరాలంటే గాలి పొడిగా ఉండాలి. అందుకే థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి కొలుస్తారు. ఈ తడి కొలతను బొగ్గు గనుల నిబంధనలు ఎప్పుడో పట్టించుకున్నాయి. భూగర్భంలో పనిచోట అది 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటితే సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో గాలి ఆడించాలి. సింగరేణి గనులకు వర్తించే చట్టం ఇది.

ఇప్పుడు పైకి రండి. మే నెలలో 45 డిగ్రీలు, గాలిలో తేమ 15 శాతం ఉంటే తడి కొలత దాదాపు 24. జూన్ మొదట్లో మబ్బు పట్టి ఎండ 38కి దిగి, తేమ 60 శాతానికి ఎక్కితే తడి కొలత 31! పేపర్ "ఎండ తగ్గింది" అని రాసిన రోజే యాసంగి వడ్ల బస్తాలెత్తే హమాలీ చెమట ఆరదు. ఈ 31 గనిలో ఉంటే యాజమాన్యం గాలి ఆడించి తీరాలి. కొనుగోలు కేంద్రంలో అడిగే దిక్కు లేదు.

అలాగని 45 తేలికైందేమీ కాదు. నీళ్ళు తాగకుండా నడినెత్తి ఎండలో పనిచేస్తే పొడి వేడీ చంపుతుంది. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేలకు పైగా మనుషులు పోయారు. తెలంగాణ ప్రభుత్వం 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మరణానికి 4 లక్షల పరిహారం ప్రకటించింది. మంచిదే. మనిషి పడిపోకముందే చెప్పగలిగే కొలత కూడా చేతిలోనే ఉంది. ఆటోమేటిక్ కేంద్రాలు వేడితోపాటు తేమనూ కొలుస్తున్నాయి, తడి కొలత లెక్కగట్టడానికి కొత్త పరికరం కొననక్కర్లేదు. రోజూ మండలాల బులెటిన్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత పక్కన ఆ అంకె కూడా వేయండి. చొప్పదండి మార్కెట్ యార్డు గేటు దగ్గర బోర్డు మీద రాయించండి. 30.5 దాటిన పూట బస్తాలెత్తే పనిని చల్లపొద్దుకు మార్చండి.