లాటిన్ టీచర్‌కి లాటిన్ మాట్లాడటం రావాలా?

ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవాళ్ళు మన క్లాసులో చాలామందే ఉంటారు. నేనూ ఒకణ్ణి. జవాబులు బట్టీ పట్టాను, మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడెవరైనా సంస్కృతంలో 'నీ పేరేంటి' తర్వాత ఇంకో ప్రశ్న అడిగితే నా పని అయిపోయినట్టే. అమెరికాలో లాటిన్ పీజీ చేసేవాళ్ళకీ ఇలాంటి బాధే ఉందని తెలిసి కొంచెం ఊరట కలిగింది. కాకపోతే వాళ్ళు దాని మీద గట్టిగానే వాదించుకుంటున్నారు.

ముందు అసలు ఇబ్బందేంటో చెప్తాను. లాటిన్‌లో 'కనిస్ పుయెరుమ్ మొర్దెత్' అంటే కుక్క పిల్లాణ్ణి కరుస్తోంది అని. 'పుయెరుమ్ కనిస్ మొర్దెత్' అన్నా అదే అర్థం. ఎవర్ని కరిచిందో చెప్పేది పదం ఉన్న చోటు కాదు, దాని చివర ఉన్న 'ఉమ్'. మన 'ని' లాంటిదన్నమాట. ఇంగ్లీషులో డాగ్, బాయ్ చోట్లు మార్చి చూడండి, కరిచేది పిల్లాడవుతాడు! అందుకే ఇంగ్లీషు పిల్లలకి చాలా స్కూళ్ళలో ఒక పద్ధతి నేర్పుతూ వచ్చారు: ముందు క్రియ వెతుకు, తర్వాత కర్త, తర్వాత కర్మ, ఆపైన ఇంగ్లీషు వరసలో పేర్చు. మనం చేసే పార్సింగ్ లాగే ఉంది కదా. వాక్యం చివరిదాకా క్రియ కోసం ఆగడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు. వాళ్ళకి అదొక లెక్క.

ఈ లెక్కతోనే బీఏ, ఎంఏ, పీహెచ్‌డీ కూడా దాటేయొచ్చు. పీహెచ్‌డీలో సిసెరో, వర్జిల్, లివీ అంటూ పెద్ద రీడింగ్ లిస్టు ఉంటుంది. పరీక్షలో ఇచ్చిన భాగాన్ని అనువదించాలి. పరిశోధన కోసం జర్మన్ లాంటి భాషలూ చదవడం రావాలి. ఇంత చేసినా లాటిన్ పేజీని న్యూస్ పేపర్ లాగా చదివేస్తారా అంటే అందరూ అవునని చెప్పలేరు.

కెంటకీ యూనివర్సిటీలో టెరెన్స్ టన్‌బర్గ్, మిలేనా మింకోవా అనే ప్రొఫెసర్లు వేరే దారి పట్టారు. వాళ్ళ పీజీ క్లాసులు లాటిన్‌లోనే నడుస్తాయి. చర్చ లాటిన్‌లో, రాసే వ్యాసాలూ లాటిన్‌లోనే. సిలబస్ కూడా రోమన్లతో ఆగదు, ఎరాస్మస్ కాలం దాకా వస్తుంది.

మరి టీచర్ ఉద్యోగం సంగతి? ఇక్కడో తమాషా ఉంది. అమెరికా గవర్నమెంటు స్కూళ్ళలో చెప్పాలంటే సాధారణంగా రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి, పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన సరిపోదు. అందుకని మాసచూసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్ క్యాంపస్‌లో లాటిన్ టీచర్ల కోసమే ఒక మాస్టర్స్ ఉంది. చదువుకుంటూనే స్కూళ్ళకెళ్ళి పాఠాలు చెప్తారు. మన బీఈడీ, ఎంఏ కలిపినట్టు.

మాట్లాడటం దేనికి, రోమన్లు లేచి వస్తారా అనే ప్రొఫెసర్లూ ఉన్నారు. పరిశోధన వరకైతే వాళ్ళ మాటా నిజమేనేమో. కానీ ఎనిమిదో క్లాసు పిల్లాడు 'దీన్ని లాటిన్‌లో ఎలా అంటారు మేడమ్' అని అడుగుతాడు కదా, అప్పుడు పార్సింగ్ పనికిరాదు.

1996 నుంచి టన్‌బర్గ్ కెంటకీలో వేసవి శిబిరాలు కూడా పెడుతూ వచ్చారు. అక్కడికి టీచర్లే ఎక్కువగా వస్తారు. ఉన్నన్ని రోజులూ లాటిన్ తప్ప ఇంకోటి మాట్లాడమని మాటివ్వాలి. సిసెరో మీద పాఠం చెప్పడానికి కావాల్సిన మాటలు వేరు, భోజనం దగ్గర ఉప్పు అందుకోమనడానికి కావాల్సినవి వేరు.