లాభాల పునఃపెట్టుబడి - వ్యక్తిగత మదుపు

సొంత వ్యాపారంలో వచ్చిన లాభాన్ని తిరిగి అదే వ్యాపారంలో పెట్టడాన్ని లాభాల పునఃపెట్టుబడి అంటారు. వడ్డీ భారం లేకుండా వ్యాపారాన్ని విస్తరించడానికి ఇది మంచి మార్గం. అయితే లాభమంతా దుకాణంలోనే పెట్టకూడదు. సొంత వ్యాపారంలో యజమానిది అపరిమిత రుణబాధ్యత. అంటే, అప్పులకు దుకాణం ఆస్తులు చాలకపోతే యజమాని సొంత ఇల్లు కూడా జప్తు కావచ్చు.

అందువల్ల లాభంలో కొంత వ్యాపారం వెలుపల మదుపు చేయాలి. ఉదాహరణకు, పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో ఏడాదికి రూ. 500 నుంచి రూ. 1,50,000 వరకు జమ చేయవచ్చు. కాలపరిమితి 15 సంవత్సరాలు. అప్పులవాళ్లు కోర్టు ద్వారా ఈ సొమ్మును జప్తు చేయించడానికి వీలులేదు. ఇది వెంటనే చేతికి రాదు కాబట్టి, కొన్ని నెలల ఇంటి ఖర్చును పొదుపు ఖాతాలో విడిగా ఉంచుకోవాలి.