మేస్త్రి కూలి ఎక్కువా, మన కూలి తక్కువా?

"పది నిమిషాల పనికి మూడు నూర్లా?"

కరెంటు పనివాడు వచ్చి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ వినపడే మాట ఇది. బోర్డు విప్పాడు, కాలిన వైరు కోశాడు, కొత్త ముక్క బిగించాడు, డబ్బు జేబులో పెట్టుకుని బండెక్కాడు. మనం మిల్లులో షిఫ్టు మొత్తం ఎర్రగా కాలిన కమ్మీల ముందు నిలబడితే వచ్చేది ఆరు వందలు. కడుపు మండుతుంది, మండకుండా ఎలా ఉంటుంది?

నేను రోలింగు మిల్లు మనిషిని. మా బావమరిది తాపీమేస్త్రి, ఇక్కడి అరవవాళ్ళ మాటలో కొత్తనారు. ఒకే కాంపౌండులో రెండు ఇళ్ళు. అందుకని ఈ గొడవ మా ఇంట్లో పండక్కీ పబ్బానికీ లేస్తుంది. "మీ తమ్ముడికేం, రోజుకి పదకొండు వందలు" అని నేనంటాను. మా ఆవిడ ఊరుకోదు. ఈ సంవత్సరం ఉట్టి మాటలెందుకని, వాడి చిట్టా పుస్తకం తెప్పించి ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో అంకెలు వేరేగా ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

కాట్టుపల్లిలో మా వీధిలో ఈ ఏడాది ఇచ్చిన కూలి ఇలా ఉంది. తాపీమేస్త్రికి 1,100. మగ కూలికి 800. ఆడ కూలికి, అంటే చిత్తాళుకి, 600. ప్లంబరు, కరెంటు మనిషి రోజు పనికైతే 1,000 నుంచి 1,200, చిన్న పనికి వచ్చి వెళ్తే 300. పదేళ్ళ కిందట ఇందులో సగం ఉండేదని పెద్దవాళ్ళు అంటారు.

మన పక్కన రేటు కొంచెం గట్టిగా ఉండడానికి కారణం వెతకనక్కర్లేదు, మిద్దె ఎక్కితే కనపడుతుంది. 2018లో ఎల్ అండ్ టీ నుంచి అదానీ చేతికి పోయిన కాట్టుపల్లి రేవు, దాన్ని ఆనుకుని షిప్‌యార్డు, కాస్త కిందికి కామరాజర్ రేవు, అత్తిపట్టు దగ్గర నార్త్ చెన్నై థర్మల్ స్టేషను. వెల్డరు, ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ చెయ్యి తిరిగినవాడైతే కాంట్రాక్టర్లు పిలుచుకుపోతారు. థర్మల్‌లో యూనిట్ ఆపి రిపేరు పెట్టారంటే మీంజూరు నుంచి ఇటు మంచి వెల్డరు దొరకడం కష్టం. మన గేటు కమ్మీ ఊడిందంటే వాడి కోసం కాచుకోవాల్సిందే. పైగా ఉప్పుగాలి. ఇంకోచోట ఇరవై ఏళ్ళు ఉండే కమ్మీ ఇక్కడ ముందే తుప్పు పట్టి స్లాబు పెచ్చులు రాలుస్తుంది. పని ఎక్కువ, చేసే చేతులు తక్కువ.

ఇప్పుడు లెక్కకు వద్దాం. బావమరిది చిట్టా ప్రకారం పోయిన ఏడాది వాడికి పని దొరికింది 190 రోజులు. వానాకాలంలో ఐప్పసి, కార్తీక నెలల్లో దాదాపు లేనట్టే. ఇసుక రాలేదని, సిమెంటుకు ఇంటివాళ్ళ దగ్గర డబ్బు లేదని, ముహూర్తం లేదని, పక్కింట్లో చావు అయిందని ఆగిన రోజులు వేరే. 190ని 1,100తో గుణిస్తే 2,09,000. బండికి పెట్రోలు రోజుకు 80 చొప్పున 15,200. తాపీ, రసమట్టం, కటింగ్ మిషన్ బ్లేడ్లు, మిషన్ రిపేరు కలిపి 8,000. మిగిలింది 1,85,800.

నాకు నెలకు 26 రోజుల చొప్పున ఏడాదికి 312 రోజుల జీతం. 600తో గుణిస్తే 1,87,200.

మా ఆవిడ ఆ రెండు అంకెలూ చూసి ఏమీ అనలేదు, లోపలికి పోయి టీ పెట్టింది.

ఇంకా ఉంది. నా 312 రోజుల్లో అన్నీ పని చేసిన రోజులు కావు. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, ఇంకో ఐదు పండగలు, మొత్తం తొమ్మిది రోజులకు తమిళనాడు చట్టం ప్రకారం జీతంతో సెలవు. ఫ్యాక్టరీ కార్మికుడికి చట్టప్రకారం ఇరవై రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు. దానిపైన యజమాని కట్టేవి చూడండి. పీఎఫ్ 12 శాతం, 600కి 72 రూపాయలు. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే 19 రూపాయల 50 పైసలు. బోనసు తక్కువలో తక్కువ 8.33 శాతం, మొత్తం జీతం మీద లెక్క కడితే 50. ఐదేళ్ళు నిండితే ఏడాదికి పదిహేను రోజుల గ్రాట్యుటీ, రోజుకు పంచితే 29. అన్నీ కలిపితే రోజుకు సుమారు 170, ఏడాదికి 53 వేలు. చేతికి రాదు గనక లెక్కలోకి రాదు, అంతే. మేస్త్రి పదకొండు వందల్లో ఇవన్నీ కలిసి ఉన్నాయి. కాలు విరిగితే ఆసుపత్రి, అరవై దాటితే గంజి, దీపావళికి పిల్లలకు బట్టలు, అన్నీ అందులోంచే.

ఇక్కడ ఒక మాట. మిల్లులోనే కాంట్రాక్టు కింద పనిచేసే మన పిల్లలు చాలామందికి ఈ 170 అందడం లేదు. వాళ్ళకు 600 అంటే 600. మేస్త్రి కంటే వాళ్ళే అన్యాయమైపోతున్నారు. దాని గురించి విడిగా రాయాలి.

ఈ సెలవులు, పీఎఫ్ ఎవరో దయతలచి ఇచ్చినవి కావని పెరంబూరు పాతకాపులకు చెప్పక్కర్లేదు. బిన్నీ మిల్లుల్లో మధ్యాహ్నం తిండికి ఇచ్చే టైము చాలక, గేటు దాటి ఆలస్యమైతే కూలి పోగొట్టుకున్న రోజులవి. మిల్లు దగ్గర చిన్న వ్యాపారాలు చేసుకునే సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు పూనుకుని బి.పి. వాడియాను పిలుచుకొచ్చారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. మూడేళ్ళకు, 1921లో, నెలల తరబడి సమ్మె, పోలీసు కాల్పులు. ఈఎస్ఐ చట్టం 1948లో, పీఎఫ్ 1952లో, బోనసు చట్టం 1965లో, గ్రాట్యుటీ 1972లో వచ్చాయి. మిల్లు గేటు ఒకటి ఉంది గనక దాని ముందు వెయ్యిమంది కూర్చోగలిగారు. మేస్త్రికి గేటు ఏది? ఈరోజు ఒక ఇల్లు, రేపు ఇంకో ఇల్లు. పని మొదలుపెట్టే ముందు "ఇంత" అని చెప్పే ఆ ఒక్క మాటే వాడి యూనియన్.

అలాగని వాళ్ళు చేసేదంతా ఒప్పని నేను అనడం లేదు. అడిగిన రేటు మీద నాకు కోపం లేదు, అడగకుండా తీసుకునేదాని మీద ఉంది. "ఈ కొట్లోనే పైపులు తీసుకో అన్నా, మంచి సరుకు" అంటాడు ప్లంబరు. ఆ కొట్టువాడి దగ్గర వాడికి కమిషన్ ఉంటుంది. సామాను ధరలో అది మనమే కడతాం. బావమరిదిని అడిగితే వాడు నవ్వాడు. "బావా, మీరు కూలిలో యాభై తగ్గించేదాకా వదలరు. కొట్లో మాత్రం బేరం ఆడరు. మరి మేము ఎక్కడ తీసుకోవాలి?" అన్నాడు. అందులో కొంత నిజం ఉంది గానీ, నేను ఒప్పుకోను. ఇంకో యాభై కూలి మీద వేసి అడగొచ్చు కదా, కనపడేలా? అడ్వాన్సు తీసుకుని మూడు ఇళ్ళు ఒకేసారి మొదలుపెట్టి, మన గోడ సగంలో వదిలేసి పోవడం ఇంకో దరిద్రం.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల వైపు పోతూ పోతూ మనల్ని ముంచింది గుర్తుందా? ఇళ్ళల్లో నీళ్ళు, మోటార్లు కాలాయి, ఫ్రిజ్‌లు తడిశాయి. ఆ వారం కరెంటు మనిషి రేటు రెండింతలైంది. తడి గోడ మీద వైరు పట్టుకునేవాడు ప్రాణం పెట్టి పనిచేస్తున్నాడు, వాడి ఇల్లూ నీళ్ళల్లోనే ఉంది, కాబట్టి ఇవ్వొచ్చు అన్నాను నేను. ఫ్యూజు ఒకటి పీకి ఐదు వందలు తీసుకున్నవాణ్ణి మాత్రం మా వీధివాళ్ళు మళ్ళీ పిలవలేదు.

ఇంటి పని పెట్టుకునేవాళ్ళు, చేసేవాళ్ళు ఇద్దరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. తమిళనాడులో కట్టడ కార్మికుల సంక్షేమ బోర్డు 1994 నుంచి ఉంది. 18 నుంచి 60 ఏళ్ళ లోపు మేస్త్రి, ప్లంబరు, కరెంటు మనిషి, పెయింటరు, చిత్తాళు, ఎవరైనా పేరు రాయించుకోవచ్చు. పిల్లల చదువుకు సాయం, ప్రమాదమైతే పరిహారం, అరవై తర్వాత పింఛను ఉన్నాయి. పెద్ద కట్టడాల ఖర్చు మీద ఒక శాతం సెస్సు వసూలు చేసేది ఇందుకే. మా బావమరిది పన్నెండేళ్ళు పనిచేశాక పోయిన చైత్రంలో రాయించుకున్నాడు, అదీ వాళ్ళక్క పోరు పడలేక.

చివరికి చిత్తాళు సంగతి. సిమెంటు కలిపి, నెత్తిన మోసి, మేడ మీదికి అందించేది ఆమె. పక్కన అదే బొచ్చె మోసే మగాడికి 800, ఆమెకు 600. సమాన పనికి సమాన కూలి అని 1976లోనే చట్టం వచ్చింది. మేస్త్రితో యాభై కోసం అరగంట వాదించే మనం ఈ రెండు వందల తేడా గురించి ఒక్కసారైనా అడిగామా? మా వంటిల్లు పూత పనికి వచ్చినావిడ ఈసారి 750 అంది. మేస్త్రి "ఎవరూ ఇవ్వరమ్మా" అన్నాడు. మా ఆవిడ ఇచ్చింది. వీధిలో ఇద్దరు ముగ్గురు మామీద కోపంగా ఉన్నారు, రేటు పాడుచేశామని.